దూడకి మొదటి బొంత

ఆత్-బాషిలో ఫిబ్రవరి.
బావి నుంచి గుమ్మం దాకా వచ్చేలోగా
బకెట్లో నీళ్లు మీగడ కడతాయి.
సతార్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.
"ఎజె, నాకు బొంత కుట్టడం నేర్పు."

ఎవరికి, అన్నాను.
"రాత్రి ఆవు ఈనింది. దూడ వణుకుతోంది."

నేను నవ్వలేదు.
సరే, పొయ్యివైపు తిరిగి నవ్వాను.
నలభై ఏళ్లుగా కొత్త కోడళ్లకి నేర్పుతున్నాను.
అత్తగారు తిరగేసి చూస్తుందని
సూది పట్టకముందే వాళ్ల వేళ్లు కొయ్యబారేవి.
మొదటి బొంత దూడకే కుట్టాలి.
దూడ కుట్లు లెక్కపెట్టదు.

ముల్లె విప్పాను:
పాత బడి మూసేసిన రోజు తెచ్చుకున్న కిటికీ తెర,
మోచేతుల దగ్గర పలచబడ్డ నా కూతురి యూనిఫాం,
మా ఆయన సైన్యం చొక్కా,
పిండిబస్తా, దాని మీద సగం చెరిగిన గోధుమకంకి,
ఎవరి పెళ్లిలోదో, జానెడు ఎర్ర మఖ్మల్.
కొత్తవాళ్లకి మఖ్మల్ ఇవ్వకూడదు,
సూది కింద చేపలా జారుతుంది.
కానీ అతను దాన్ని బొటనవేలితో
అటూ ఇటూ నిమురుతున్నాడు.
ఒక్క ముక్క, అన్నాను. ఒక్కటే.

కొలతకి జేబులోంచి పింగాణీ పలక తీశాడు,
ఎండాకాలమంతా బిష్కెక్‌లో
ఎవరెవరి స్నానాలగదుల్లోనో పరిచి వచ్చిన మేస్త్రీ.
పలక పెట్టి సుద్దతో గీశాం, ముప్పై ఆరు.
గీత దారం పట్టినట్టు వచ్చింది.
కత్తెర మాత్రం నమిలింది.

పలకకీ పలకకీ మధ్య సందు వదలడం నీ విద్య, సతార్,
గుడ్డకి సందు పనికిరాదు.
ముఖానికి ముఖం ఆనించి పెట్టు,
కౌగిలించుకున్న వియ్యపురాళ్లలా.
వెనకనుంచి కుట్టు,
అంచుకి చిటికెనవేలి గోరంత లోపల.
అంతకన్నా పిసినారితనం చేశావో,
మొదటి ఉతుకుకే నోరు తెరుస్తుంది.

వరుసకి ఆరు.
చొక్కా ముక్కకి జేబు ఉండిపోయింది.
"కోసెయ్యనా? దూడకి జేబెందుకు?"
ఉండనీ. ఆయనకీ ఎందుకో తెలీదు,
ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

నాలుగో వరుసలో మూలలు కలవలేదు.
సతార్ లేచి ఇంటికి వెళ్లి
రసమట్టం పట్టుకొచ్చాడు!
బొంత మీద పెట్టి ఊపిరి బిగబట్టాడు.
బుడగ నడిమధ్య నిలబడింది.
"బల్ల నిటారుగానే ఉంది," అన్నాను,
"బొంతే తాగి ఉంది."
విప్పేస్తానన్నాడు. చేతిమీద ఒకటి వేశాను.
మొదటిసారే విప్పడం మొదలెట్టినవాడు
మళ్లీ సూది ముట్టడు.

రేడియోలో ఎవరో ప్రభుత్వాన్ని
అతుకుల బొంత అని తిడుతున్నారు.
"సూది పట్టని వాడు," అన్నాడు సతార్ తల ఎత్తకుండా,
అంతలో కరెంటు పోయింది.

కొవ్వొత్తి వెలుగులో
అడుగున పాత కంబళి పరిచి,
నడుమ గొర్రెబొచ్చు చల్లాం, పలచగా,
మందమైతే సూది మొరాయిస్తుంది.
బొంతంతా కుట్టు నడపడం అతనికి ఇప్పుడే వద్దు.
మూలలు కలిసినచోట, కలవనిచోట కూడా,
దారం దించి, పైకి లాగి, ఒక ముడి.
అతని ముడులు సిమెంటుబస్తా ముడులు.
నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఎవ్వరూ
అంత గట్టివి వెయ్యలేదు.

మూడో రాత్రి కొట్టంలోకి వెళ్లి చూశాను.
మఖ్మల్ ముక్క సరిగ్గా వెన్నుమీదికి వచ్చేలా కప్పి
పొట్టకింద తాడు కట్టాడు.
దూడ నిలబడే నిద్రపోతోంది.
బొంత మీద గడ్డిపరకలు, కాస్త పేడ.

వారానికి మళ్లీ వచ్చాడు,
బొంత మడిచి చంకలో పెట్టుకుని,
కిటికీ అద్దం పగలగొట్టిన పిల్లాడిలా.
ఒక మూల దూడ నమిలేసింది,
గోధుమకంకితో సహా.
"పాడైపోయింది, ఎజె."

కూర్చో, అన్నాను.
ముల్లె దించాను.
ఇది రెండో పాఠం.